కట్ట విప్పిన రోజు: మూడో తరగతి తీసివేతల కేస్ స్టడీ

మాది విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకటి, రెండు తరగతులు మా హెడ్మాస్టారు చూస్తారు. మూడు, నాలుగు, ఐదు నావి, మూడూ ఒకే గదిలో. ఈ కేస్ మూడో తరగతిలోని 17 మంది పిల్లలది. రెండంకెల తీసివేత దగ్గర వాళ్లు ఎక్కడ ఆగిపోయారు, దాన్ని దాటడానికి తొమ్మిది వారాలు ఏమేం చేశాం, అందులో నేను ఎక్కడెక్కడ తప్పు చేశాను, అన్నీ రాస్తున్నాను. ఎందుకంటే మనలో చాలామందిమి తరగతిలో పుల్లలు, గింజలు వాడుతూనే ఉన్నాం, అయినా పిల్లలకి లెక్క రావట్లేదని బాధపడుతూనే ఉన్నాం.

జులైలో ఒక చిన్న పరీక్ష పెట్టాను, ఐదే లెక్కలు. 47లోంచి 23 తీసేయమంటే 15 మంది సరిగ్గా చేశారు. 52లోంచి 27 దగ్గరికొచ్చేసరికి 13 మంది తప్పు, అందులో 11 మంది జవాబు ఒకటే: 35. అలాగే 40లోంచి 16 తీస్తే 36 అని, 81లోంచి 45 తీస్తే 44 అని రాశారు. ఒకరిది చూసి ఒకరు రాశారేమో అని మొదట అనుమానించాను. కానీ గదిలో ఈ మూలనున్న పిల్లాడిదీ ఆ మూలనున్న పాపదీ ఒకే తప్పు. ఒక్కొక్కళ్లనీ పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేశావమ్మా అని అడిగితే అప్పుడు అర్థమైంది. 2లోంచి 7 పోదు, కాబట్టి 7లోంచి 2 తీశారు. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని ఒకటో తరగతిలో మనమే చెప్పాం కదా, ఆ మాటని వాళ్లు ప్రతి గడిలోనూ నమ్మకంగా పాటిస్తున్నారు. ఇది అజాగ్రత్త కాదు. మనం చెప్పిన దాన్నే పట్టుకుని వాళ్లు సొంతంగా కట్టుకున్న నియమం.

సరిగ్గా చేసిన నలుగురినీ కూడా అడిగాను. "పక్కింటికెళ్లి అప్పు తెచ్చాను టీచర్" అన్నాడు ఒకడు. ఎంత తెచ్చావు అంటే "ఒకటి" అన్నాడు. రెండుకి ఒకటి తెస్తే మూడు అవ్వాలి కదా, పన్నెండు ఎలా అయింది అన్నాను. పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. మిగతా ముగ్గురూ అంతే. జవాబు సరైనదే గానీ లోపల ఏం జరిగిందో వాళ్లకీ తెలియదు. ఆ రోజు ఇంటికెళ్తూ బస్సులో అదే ఆలోచన. తప్పు చేసిన 13 మందినే కాదు, 17 మందినీ మళ్లీ మొదటి నుంచి తీసుకురావాలి.

తీసివేత కంటే ముందు సంఖ్య ఏమిటో చూడాల్సి వచ్చింది. "నూట ఐదు" రాయమంటే ఆరుగురు 1005 రాశారు. ముందు నూరు రాసి, పక్కన ఐదు పెట్టారు, విన్నది విన్నట్టు. పాఠ్యపుస్తకం ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు కాబట్టి థర్టీన్‌కి థర్టీకి తేడా వినపడక ఇంకో ముగ్గురు తికమక పడుతున్నారు. ఇక్కడ నాకు బాగా సాయపడింది మన తెలుగే. ముప్పై అనే మాటలో పది వినపడదు. పాత మాట ముప్పది, నలుబది, ఏబది, అరువది, డెబ్బది అంటే ప్రతిదాంట్లోనూ పది ఉంది. ఊళ్లో ఒక తాతగారు ఇప్పటికీ లెక్క అలాగే చెప్తారు, ఆయన్ని ఒక ఉదయం బడికి పిలిచి వందదాకా చెప్పించాం. "మూడు పదులు ముప్పది" అని ఆయన అనగానే ఒక పాప వేళ్లు ముడుచుకుంటూ "అయితే అరువది అంటే ఆరు పదులా తాతా" అంది. స్థాన విలువ మీద నేను గీసిన చార్టులన్నీ ఒక ఎత్తు, ఆ పాప అడిగిన ప్రశ్న ఒక ఎత్తు. మీ తరగతిలో ఇది ఒకసారి చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇక పుల్లలు. కొబ్బరి ఈనెల చీపుర్లు రెండు తెచ్చి, ఒక్కో ఈనెని మూడు ముక్కలు చేశాం. పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడం పిల్లల పని. దీనికే రెండు రోజులు పట్టింది, కొందరు తొమ్మిదికే కట్టేశారు, పక్కవాళ్లు విప్పి లెక్కపెట్టి గొడవ పడ్డారు. ఆ గొడవ నేను ఆపలేదు, ఎందుకంటే కట్టలో పది ఉందో లేదో అని కొట్లాడుకుంటున్న పిల్లలు పది గురించే ఆలోచిస్తున్నారు కదా.

మా బడికి వచ్చిన గణితం కిట్‌లో ప్లాస్టిక్ దిమ్మెలు ఉన్నాయి, ఒకట్లకి చిన్న ఘనాలు, పదికి ఒక కడ్డీ, వందకి పలక. మాంటిస్సోరి బడుల్లో వాడే పూసల సామాను కూడా ఇలాంటిదే. మంచివే, నేను తర్వాత వాడాను. మొదట మాత్రం వాడలేదు. ఆ కడ్డీ విడిపోదు. దాన్ని లోపల పెట్టేసి బదులుగా పది చిన్న ఘనాలు తెచ్చుకోవాలి, ఈ పదీ ఆ కడ్డీ ఒకటేనని పిల్లాడు టీచర్ మాట మీద నమ్మాలి. ఈనెల కట్ట అలా కాదు. బ్యాండు తీస్తే అవే పది పుల్లలు వాడి చేతిలోనే విడిపోతాయి. తీసివేత మొదలుపెట్టే పిల్లాడికి ఈ తేడా చాలా పెద్దది.

మొదటి రోజు లెక్క 52లోంచి 27. నలుగురేసి జట్లు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకున్నారు. ఎదుటి జట్టుకి 27 పుల్లలు ఇచ్చేయాలి. రెండు కట్టలు తీసి ఇచ్చేశారు, ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. నేను నోరు మూసుకుని నిలబడ్డాను, ఇది రాసినంత తేలిక కాదు. ఒక అబ్బాయి ఒక కట్ట చేతిలోకి తీసుకున్నాడు, బొటనవేలు బ్యాండు కిందికి పోనిచ్చాడు, మళ్లీ తీసేశాడు. కట్ట కింద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. పక్క పాప "ఇప్పకు, టీచర్ తిడతాది" అంది.

నాకు గుండెల్లో కలుక్కుమంది. కట్టలు కట్టిన రోజుల్లో, వాటిని విప్పి పారేస్తున్నారని, "ఎవరైనా కట్ట విప్పారో చూడండి" అని గట్టిగా అరిచింది నేనే. ఆ అబ్బాయికి జవాబు తెలుసు, వాడి వేలు బ్యాండు కిందికి వెళ్లింది కూడా. ఆపింది నా మాట. దగ్గర కూర్చుని, ఆ రోజు అలా అనడం నా తప్పు, అవసరమైతే కట్ట విప్పొచ్చు, అవసరమో కాదో మీరే చూసుకోండి అని చెప్పాను. వాడు బ్యాండు తీసి మణికట్టుకి వేసుకున్నాడు. పది పుల్లలు నేల మీద పరుచుకున్నాయి, ఉన్న రెండిటితో కలిపి పన్నెండు. ఏడు ఇచ్చేశాడు, ఐదు మిగిలాయి. పక్కన రెండు కట్టలు. "ఇరవై ఐదు" అని నలుగురూ ఒకేసారి అన్నారు. మణికట్టుకి బ్యాండు వేసుకోవడం ఆ రోజు నుంచి తరగతి మొత్తానికీ అలవాటైంది. ఎన్ని కట్టలు విప్పారో చేతికి ఎన్ని బ్యాండ్లున్నాయో చూస్తే నాకు తెలిసిపోయేది.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి విజయగాథ అయ్యేది. కానీ అదే వారం శుక్రవారం నోటుబుక్కులో అదే లెక్క ఇచ్చాను. నిన్న పుల్లలతో 25 తెచ్చిన పిల్లల్లో తొమ్మిది మంది మళ్లీ 35 రాశారు. ఒక పాపని పిలిచి పుల్లలతో చేయించాను, 25 వచ్చింది. నోటుబుక్కులో 35 ఉంది. ఏది సరైనదమ్మా అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది: "పుల్లల్లో ఇరవై ఐదు టీచర్, పుస్తకంలో ముప్పై ఐదు."

ఈ కేస్ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. ఆ పాపకి పుల్లలదొక లోకం, పుస్తకానిదొక లోకం, రెండిటికీ సంబంధం లేదు. సంబంధం ఉందని నేను ఎక్కడా చూపించలేదు. పుల్లలు ఇస్తే చాలు, అదే బుర్రలోకి వెళ్లిపోతుంది అనుకున్నాను. అమెరికా మనస్తత్వవేత్త బ్రూనర్ చెప్పిన మూడు మెట్లు, అంటే చేసి చూడడం, బొమ్మగా చూడడం, గుర్తులతో రాయడం, బీఈడీలో చదువుకుని పరీక్షలో రాసిన దాన్నే, కానీ మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకి పిల్లల్ని దూకమన్నాను.

రెండో వారం నుంచి పద్ధతి మార్చాను. ఇద్దరిద్దరు జంటలు. ఒకరి చేతిలో పుల్లలు, ఒకరి చేతిలో పలక. పుల్లలవాళ్లు చేసేది నోటితో చెప్పాలి, చెప్పిందే పలకవాళ్లు రాయాలి, అంతకంటే ఒక్క అంకె ఎక్కువ రాయకూడదు. పలక మీద పడేదాకా పుల్లలవాళ్లు తర్వాతి పని చేయకూడదు. "ఒక కట్ట విప్పేశాను" అంటే పలక మీద 5 కొట్టేసి పైన 4. "ఇప్పుడు విడి పుల్లలు పన్నెండు" అంటే 2 కొట్టేసి పైన 12. "ఏడు ఇచ్చేశాను, ఐదున్నాయి" అంటే కింద 5. తర్వాతి లెక్కకి పుల్లలు, పలక చేతులు మారతాయి. "అప్పు" అనే మాట తరగతిలోంచి తీసేశాం. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తేవట్లేదు, తిరిగి తీర్చట్లేదు, ఉన్న కట్టనే విప్పుతున్నాం. 4, 12 ఎక్కడివి అని నేను ఏ పలక చూపించి అడిగినా, వాళ్లు పుల్లల వైపు చేయి చూపించేవాళ్లు.

మొదటి రెండు రోజులు నెమ్మదిగా సాగింది, పీరియడ్ మొత్తానికి మూడు లెక్కలే అయ్యాయి. ఇక్కడే చాలామంది టీచర్లకి టెన్షన్ వస్తుంది, సిలబస్ ఎలా అని. నాకూ వచ్చింది. మా హెడ్మాస్టారు మాత్రం అడ్డు చెప్పలేదు. ఆయన 90ల్లో బ్రిటిష్ సాయంతో మన దగ్గర నడిచిన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణ తీసుకున్న మనిషి, అప్పుడు చెప్పిన ఆరు సూత్రాల్లో చేస్తూ నేర్చుకోవడం ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో కూడా కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలే కేంద్రంగా నేర్పాలని రాసే ఉంది. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు రావాలని కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని 2021లో మొదలుపెట్టింది. మూడు లెక్కలే చేసిన రోజుకి కావలసినంత అనుమతి పైనుంచే ఉంది, మనం ధైర్యం చేయాలి అంతే.

నాలుగు, ఐదు తరగతుల వాళ్లు ఏం చేస్తున్నారని మీరు అడుగుతారు. ఐదో తరగతిలో నలుగురికి ఇదే జబ్బు ఉందని నాకు తెలుసు, కానీ చిన్నపిల్లలతో కూర్చోమంటే చిన్నతనం అనుకుంటారు. అందుకని వాళ్లని పలకలు సరిచూసే పనికి పెట్టాను. సరిచూడాలంటే పుల్లలు చూడాలి, చెప్పేది వినాలి. మూడు వారాల్లో వాళ్ల లెక్కలూ బాగుపడ్డాయి. నాలుగో తరగతికి మాత్రం ఆ రోజుల్లో న్యాయం చేయలేకపోయాను, ఎక్కువగా పుస్తకంలోంచి చూసి రాసుకునే పనే ఇచ్చాను. ఇద్దరు టీచర్ల బడిలో ఏదో ఒక తరగతి అలా మిగిలిపోతుంది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నాలుగో వారం నుంచి లెక్కలు ఇవ్వడం నేను మానేశాను. పిల్లలే ఒక జట్టు ఇంకో జట్టుకి ఇవ్వాలి, ఒక షరతు ఉంటుంది. ఒక రోజు షరతు "కట్ట విప్పక తప్పని లెక్క ఇవ్వండి", ఇంకో రోజు "కట్ట విప్పకుండానే అయిపోవాలి". దీని నుంచి వచ్చినంత నేను ఇచ్చిన ఏ వర్క్‌షీట్ నుంచీ రాలేదు. విప్పక తప్పని లెక్క తయారు చేయాలంటే తీయాల్సినవి, ఉన్న విడి పుల్లల కంటే ఎక్కువ ఉండాలని పిల్లాడికి ముందే తెలియాలి. జట్లుగా తలలు దగ్గర పెట్టి గుసగుసలు, ఎదుటివాళ్లు వింటారని పలక అరచేత్తో మూసుకోవడం. ఒక జట్టు 60 లోంచి 1 ఇచ్చింది. ఒక్క పుల్ల కోసం కట్ట విప్పించాలని! ఆ లెక్క కనిపెట్టింది ఎప్పుడూ వెనక కూర్చుని నోరు విప్పని అబ్బాయి. ఆ రోజు వాడి జట్టు వాణ్ని ఎత్తుకుంది.

ఐదో వారం దుకాణం పెట్టాం, ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు, సబ్బు డబ్బాలు, కాగితం నోట్లు, చింతపిక్కలు రూపాయి బిళ్లలు. మొదటి రోజు ఘోరంగా పోయింది. 17 మందీ దుకాణం మీద పడ్డారు, నోట్లు చిరిగాయి, లెక్క ఎవరూ చేయలేదు. రెండో రోజు నుంచి ఐదుగురేసి వంతులు పెట్టాక కుదిరింది. పది రూపాయల నోటు విడిపోదు, మార్చుకోవాలి, అందుకే పుల్లల తర్వాతే డబ్బు.

అప్పుడొక సంగతి జరిగింది. 50 రూపాయలు ఇచ్చి 27 రూపాయల సరుకు కొంటే చిల్లర ఎంతివ్వాలి? దుకాణంలో ఉన్న పాప నోటు మార్చలేదు, కట్టా విప్పలేదు. ముందు మూడు పిక్కలు కొనేవాడి చేతిలో పెట్టి "ముప్పై" అంది, ఒక పది నోటు పెట్టి "నలభై", ఇంకో పది పెట్టి "యాభై" అంది. లెక్క అయిపోయింది, ఇరవై మూడు. నేను అలవాటుగా, అలా కాదమ్మా, 50లోంచి 27 తీసివేయి అనబోయి ఆగాను. వాళ్లమ్మ వారం వారం సంతలో కూరగాయలు అమ్ముతుంది, ఈ పిల్ల పక్కన కూర్చుంటుంది. జులై పరీక్షలో 35 రాసిన 11 మందిలో ఈ పాపా ఒకతి. అంటే తీసివేత ఆమెకి ముందు నుంచీ వచ్చు, సంతలో వచ్చు, బడిలో రాదు. మర్నాడు పాఠం ఆమే చెప్పింది, నేను వెనక బెంచీలో కూర్చున్నాను. నల్లబల్ల మీద 27 నుంచి 30కి ఒక గెంతు, 30 నుంచి 50కి ఒక గెంతు గీసింది. ఇప్పుడు మా తరగతిలో తీసివేతకి రెండు దారులున్నాయి, కట్ట దారి, సంత దారి, ఏ లెక్కకి ఏది తేలికో పిల్లలే ఎంచుకుంటారు. పిల్లలే కేంద్రం అనే మాట శిక్షణల్లో ఎన్నోసార్లు విన్నాను, నాకు అది నిజంగా అర్థమైంది ఆ వెనక బెంచీలో కూర్చున్న రోజే.

ఈ మధ్యలో ఒక తండ్రి బడికొచ్చారు. "మా వోడు ఇంటికాడ పుల్లలతో ఆడుకుంతన్నానంటన్నాడు, హోంవర్కు ఏదమ్మా" అని కాస్త గట్టిగానే అడిగారు. ఆయన కష్టపడి పంపిస్తున్నారు, అడిగే హక్కు ఉంది. కొడుకుని పిలిచి నాన్నకి చూపించమన్నాను. వాడు 63 పెట్టి, 8 ఇవ్వడానికి కట్ట విప్పి, నోటితో చెప్తూ, పలక మీద రాశాడు. ఆయన రెండోసారి చేయించుకున్నారు. ఆ తర్వాత వారం ఆయనే ఒక కొత్త చీపురు పంపించారు.

వందల దగ్గర మళ్లీ పది కట్టల్ని కలిపి తాడుతో పెద్ద కట్ట కట్టాం. 402లోంచి 157. పెద్ద కట్టలు నాలుగు, చిన్న కట్టలు లేవు, విడివి రెండు. మనందరికీ తెలుసు ఈ రకం లెక్కలో సున్నా మీద 9 ఎందుకొస్తుందో చెప్పడం ఎంత కష్టమో, "సున్నా పది అయింది, ఒకటి ఇచ్చేసింది, తొమ్మిది" అని మంత్రంలా చెప్పేస్తాం. పిల్లలు తాడు విప్పారు, పది చిన్న కట్టలు వచ్చాయి. అందులో ఒకదాని బ్యాండు తీశారు. "టీచర్, తొమ్మిది కట్టలే ఉన్నాయి!" అని ఒకడు అరిచాడు, ఏదో పోయిందన్నట్టు. పదోది ఎక్కడుందో వాళ్లే వెతికారు, విడి పుల్లల్లో దొరికింది. పలక మీద 3, 9, 12. జవాబు 245.

తొమ్మిది వారాల తర్వాత జులైలో పెట్టిన పరీక్షే అంకెలు మార్చి పెట్టాను. 17 మందిలో 13 మంది ఐదింటికి ఐదూ చేశారు, ఎలా చేశారో చెప్పగలిగారు కూడా. మిగతా నలుగురిలో ఇద్దరు సున్నా ఉన్న లెక్కల దగ్గరే తడబడ్డారు. ఒక పాప సంఖ్యల్నే ఇంకా తారుమారుగా రాస్తోంది, ఆమెకి వేరే సాయం కావాలి. నాలుగో పిల్లాడు పొలం పనులు, చుట్టాల ఊళ్లు అంటూ సగం రోజులు రాలేదు, వాడి గురించి పుల్లల పద్ధతి పనిచేసిందనీ చెయ్యలేదనీ అనలేను. పరీక్షలో ముగ్గురు నోటుబుక్కు మూలన చిన్నచిన్న కట్టల బొమ్మలు గీసుకుని లెక్క చేశారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ గీతలు చెరిపించమన్నారు. నేను చెరిపించలేదు, వాటి అవసరం తీరాక వాళ్లే మానేస్తారు, ఒకడు అప్పటికే మానేశాడు కూడా.

మళ్లీ చేస్తే రెండు మార్పులు చేస్తాను. పుల్లలు మొదలుపెట్టిన రోజే పలక కూడా పక్కన పెడతాను, ఆ పోయిన వారం మిగులుతుంది. కట్టలు విప్పొద్దు అనే మాట అసలు నా నోట రానివ్వను.

ఇప్పుడు భాగహారం మొదలైంది. పోయిన మంగళవారం 52 పుల్లలు నలుగురికి సమానంగా పంచమని ఇచ్చి, ఎలాగో చెప్పకుండా పక్కకి వచ్చేశాను. తలా ఒక కట్ట ఇచ్చారు, ఒక కట్ట, రెండు పుల్లలు మిగిలాయి. 60 లోంచి 1 లెక్క కనిపెట్టిన ఆ వెనక బెంచీ అబ్బాయి ఎవరి వైపూ చూడకుండా బ్యాండు తీసి మణికట్టుకి వేసుకున్నాడు, పన్నెండు పుల్లలూ మూడేసి చొప్పున నాలుగు కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు.